ఖాళీ బార్‌తో మొదలు



మీలో కుర్చీలో కూర్చుని ఈ ప్రసంగం వింటున్నవారు ఒక చిన్న పని చేయండి. రెండు చేతులూ గుండెల మీద కట్టుకోండి. కుర్చీ పట్టుకోకుండా, తొడల మీద చెయ్యి ఆనించకుండా లేచి నిలబడండి. మళ్లీ అంతే నెమ్మదిగా కూర్చోండి, దబ్బున కూలబడకండి. అలా ఐదుసార్లు చేయండి. మోకాళ్లు బాగా నొప్పిగా ఉన్నవారు మాత్రం వింటూ కూర్చోండి, బలవంతం వద్దు.

తేలిగ్గా చేసినవారికి నా అభినందనలు. మూడోసారికే చెయ్యి దానంతటదే మోకాలి మీదికి వెళ్లినవారు, "అమ్మయ్యా" అంటూ లేచినవారు ఉంటారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసమే. ఇప్పుడు మీరు చేసినదాన్నే జిమ్‌లో స్క్వాట్ అంటారు. భుజాల మీద బార్, అంటే బరువులు తగిలించే ఇనప కడ్డీ లేదు, అంతే తేడా.

నేను ముప్పై ఏళ్లుగా బరువులెత్తడం నేర్పుతున్నాను. మొదట్లో పోటీలకు వెళ్లే పిల్లలే వచ్చేవారు. ఈ పదేళ్లుగా ఆ పిల్లల అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వస్తున్నారు. పదమూడేళ్ల పిల్లకీ డెబ్బై దాటిన పెద్దాయనకీ నేను చెప్పే మొదటి పాఠం ఒకటే: ఖాళీ బార్‌తో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచాలి. ఇవాళ ఆ పాఠం గురించే మాట్లాడతాను.

మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగేది. రోటి ముందు కూర్చుని పిండి రుబ్బేది. వాకిట్లో గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టేది, నిండు బిందె ఒక్క ఊపులో చంకకెత్తుకునేది. రోజుకు ఎన్నిసార్లు నేల మీద కూర్చుని లేచేదో లెక్కలేదు. ఇప్పుడు సోఫా, మంచం, డైనింగ్ టేబుల్, కమోడ్, అన్నీ మోకాలి ఎత్తుకు వచ్చేశాయి. నెలల తరబడి మన తుంటి మోకాలి కిందికి దిగే పనే పడదు. కదలని కీలు బిగుసుకుంటుంది, వాడని కండ కరుగుతుంది. ముప్పై దాటాక పదేళ్లకు నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల కండ పోతుందని, అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుందని వైద్యులు చెబుతారు. ఈ అరుగుదలకు సార్కోపీనియా అన్న పేరు 1989లో అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు మాంసం తరిగిపోవడమని అర్థం. పేరు ఏదైనా, మన ఇళ్లలో దాన్ని మరో రూపంలో చూస్తాం. బాత్‌రూమ్‌లో జారిపడిన పెద్దాయన, విరిగిన తుంటి ఎముక, ఆ తర్వాత మంచం.

అమ్మలను మళ్లీ రోటి ముందు కూర్చోబెట్టమని నేను అనడం లేదు. ఆ చాకిరీ పోయింది, మంచిదే. చాకిరీతోపాటు బలం కూడా పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. నా అనుభవంలో అందుకు ఇనప బార్‌ను మించిన సాధనం లేదు.

బరువులెత్తడం మనకు కొత్తేం కాదు. పల్లెల్లో సంగిడి రాళ్లుండేవి. పండగలొస్తే గుండు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం పోటీలుగా జరిగేవి, ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతున్నాయి. తాలింఖానాల్లో వస్తాదులు దండీలు, బస్కీలు తీయించేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు తన బలంతో దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. ఆ సంప్రదాయం మీద నాకు ఎంతో గౌరవం. రాయికి ఒక పరిమితి ఉందని మాత్రం చెప్పాలి. సంగిడి రాయి నూరు కిలోలుంటే నూరు కిలోలే. ఎత్తగలిగినవాడు ఎత్తుతాడు, ఎత్తలేనివాడు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. ఆ రెండో మనిషికి రాయి ఏమీ నేర్పదు.

హమాలీ మోసే బస్తాదీ అదే కథ. ఒంట్లో బాగున్నా బాగోలేకపోయినా, వయసు ఇరవై అయినా యాభై అయినా బస్తా బరువు మారదు. ఇవాళ ఎన్ని మోయాలో లారీ చెబుతుంది, ఒళ్లు చెప్పదు. అందుకే చాలామంది హమాలీలకు నలభై దాటేసరికి నడుములు పడిపోతాయి. బరువు మోయడం వల్ల బలం రాదు. ఒంటికి తగిన బరువు, కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యలో విశ్రాంతి ఇస్తూ మోస్తే వస్తుంది.

ఆ 'కొద్దికొద్దిగా' అన్నది బార్‌తో కుదిరినంత బాగా మరి దేనితోనూ కుదరదు. మన జిమ్‌లలో కుర్రాళ్లు దీన్ని రాడ్ అంటారు. పోటీల్లో వాడే మగవాళ్ల బార్ పొడవు 2.2 మీటర్లు, బరువు 20 కిలోలు. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎంతుంటుందో దాదాపు అంత. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, పట్టు కాస్త సన్నగా 25 మిల్లీమీటర్లు ఉంటుంది. బార్‌కు రెండు వైపులా ఒక్కో కిలో ప్లేటు వేయవచ్చు, అరకిలో వేయవచ్చు, పావుకిలో కూడా వేయవచ్చు. వారానికి అరకిలో చొప్పున పెంచినా ఏడాదికి 26 కిలోలు. ఆ లెక్క నేను కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ కాగితం మీద వేసి చూపిస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో చికాగోలో థామస్ డెలార్మ్ అనే సైనిక వైద్యుడు ఈ పద్ధతిని ఆసుపత్రిలోకి తెచ్చాడు. మోకాలికి ఆపరేషన్ జరిగిన సైనికుల చేత అప్పటిదాకా తేలిక బరువులే ఎక్కువసార్లు ఎత్తించేవారు. డెలార్మ్ ఒక్కొక్కరు పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువేదో కొలిచి, దాన్ని క్రమంగా పెంచుకుంటూ పోయాడు. వాళ్లు త్వరగా కోలుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ జిమ్‌లో ఎవరు సెట్లు లెక్కపెట్టినా ఆయనకు కొంత రుణపడే ఉంటారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. ఇది రేడియో, నేను చేసి చూపించలేను. అయినా ఫరవాలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు కూడా చివరికి ఉపయోగపడేది నా మాటే. బార్ భుజాల మీద ఉన్నప్పుడు వాళ్లు నన్ను చూడలేరు, వినగలరు.

నేల మీది బరువును నిలబడి తొడల దాకా ఎత్తడాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారు. గ్యాస్ బండను, నీళ్ల క్యాన్‌ను, మనవణ్ని ఎత్తుకునేది ఇలాగే కనుక దీనితో మొదలుపెడతాను. పాదాలు తుంటి వెడల్పున ఉంచండి. బార్ పాదం నడిమధ్యకు సరిగ్గా పైన ఉండాలి. పాదం నడిమధ్య అంటే మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలిస్తే సగం. అలా నిలబడితే కాలి ముందు ఎముకకూ బార్‌కూ మధ్య ఒక అంగుళం సందు మిగులుతుంది. ఇప్పుడు వంగి, కాళ్లకు కాస్త బయటగా బార్ పట్టుకోండి. బార్‌ను కదపకుండా, కాలి ఎముక దానికి తగిలేదాకా మోకాళ్లు వంచండి. ఛాతీ విప్పండి, వెన్ను బల్లలా చదునవుతుంది. పొట్టనిండా గాలి పీల్చి బిగపట్టండి. ఆ తర్వాత రెండు పాదాలతో నేలను కిందికి తొక్కండి. బార్ కాళ్లకు రాసుకుంటూ పైకి రావాలి. నిటారుగా నిలబడ్డాక ఆగండి. వెనక్కి వాలి పోజు పెట్టనక్కర్లేదు.

పాదం నడిమధ్య గురించి నేను ఇంతగా ఎందుకు పట్టుబడతానో చెబుతాను. ఇంట్లో పది కిలోల బియ్యం సంచి ఉంటే దాన్ని పొట్టకు హత్తుకుని నిలబడండి. తర్వాత అదే సంచిని మూరెడు ముందుకు చాచి పట్టుకోండి. సంచి పెరగలేదు, అయినా నడుం గిలగిలలాడుతుంది. బరువు ఒంటికి ఎంత దూరం జరిగితే నడుం మీద భారం అంత పెరుగుతుంది. అందుకే బార్ నేల నుంచి పైదాకా పాదం నడిమధ్య మీద ఒకే గీతలో నడవాలి. డెడ్‌లిఫ్ట్ అయినా, స్క్వాట్ అయినా, తలపైకి ఎత్తే ప్రెస్ అయినా సరే. ఈ ఒక్క గీతను అర్థం చేసుకున్నవాడు మిగతా మెళకువల్లో సగం తనంతట తానే కనిపెట్టుకుంటాడు.

ఇక్కడ మన భాషతో నాకొక చిక్కు వచ్చింది. "నడుం వంచి పని చెయ్" అని పెద్దలు చిన్నప్పటి నుంచీ మనకు చెప్పారు. పని విషయంలో గొప్ప మాటే. బరువు దగ్గర మాత్రం నడుం వంగకూడదు, తుంటి మడవాలి. చాలామందికి ఈ రెండూ వేరని తెలియదు. వంగమంటే వీపు విల్లులా వంచేస్తారు. అలాంటివాళ్లను గోడకు వీపు చేసి జానెడు దూరంలో నిలబెడతాను. వీపు వంచకుండా పిరుదులతో గోడను తాకమంటాను. తాకగానే పాదాలు ఇంకో రెండు వేళ్లు ముందుకు జరిపి మళ్లీ తాకమంటాను. నాలుగైదుసార్లు అయ్యేసరికి తుంటి ఎక్కడుందో ఒంటికి తెలుస్తుంది. ఖర్చులేని పాఠం, ఇంట్లోనే చేసుకోవచ్చు.

కొత్తవాళ్లకు ఎదురయ్యే మరో ఇబ్బంది చాలా జిమ్‌లలో ఎవరికీ పట్టదు. పోటీల్లో వాడే ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. అవి వేస్తే బార్ నేలకు జానెడు ఎత్తున నిలుస్తుంది. కొత్తవాళ్లకు వేసే చిన్న ఇనప ప్లేట్లతో అది నేలకు బాగా దగ్గరగా దిగిపోతుంది. అంత కిందికి చెయ్యి వెళ్లాలంటే వీపు వంగక తప్పదు. అంటే తక్కువ బలమున్న మనిషి చేత ఎక్కువ కష్టమైన ఎత్తు ఎత్తిస్తున్నామన్నమాట. బార్ చివరల కింద చెక్క దిమ్మలు పెట్టండి, మందపు ప్లేట్లు పడుకోబెట్టండి. పిక్క మధ్యకు వచ్చే ఎత్తులో బార్ నిలిస్తే చాలు. ఇంత చిన్న సవరణతో వీపు నొప్పి తప్పించుకున్నవాళ్లను నేను ఎందరినో చూశాను.

స్క్వాట్‌కు వస్తే, బడిలో గుంజీలు తీసినవాళ్లందరికీ సగం తెలిసిన విద్యే. బార్ మెడ ఎముక మీద కాకుండా దాని కింద, భుజాల వెనక గట్టిపడే కండ మీద కూర్చోవాలి. పాదాలు భుజాల వెడల్పు, కాలివేళ్లు కొద్దిగా బయటికి. మోకాళ్లు వేళ్లు చూపిన దిక్కుకే వెళ్లాలి, లోపలికి కుంగకూడదు. తుంటి మోకాలిచిప్ప పైభాగం కన్నా కొంచెం కిందికి దిగాలి. సగంలో ఆగిపోయి లేవడం చాలామందికి అలవాటు. అలా చేస్తే బరువు ఎక్కువ వేయవచ్చు, తొడ ముందు భాగమే పని చేస్తుంది, పిరుదులు, తొడ వెనక కండలు సెలవు తీసుకుంటాయి. గొంతుక్కూర్చుంటే మోకాళ్లు పాడవుతాయన్న భయం మన దేశంలో బలంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలికి లోతైన స్క్వాట్ చేటు చేయదు. మోకాళ్లు లోపలికి కుంగడం, తొందరపడి బరువు పెంచడం చేటు చేస్తాయి. ఇప్పటికే అరిగిన మోకాలైతే ఎంత లోతు దిగాలన్నది డాక్టరూ కోచూ కలిసి తేల్చాలి.

ప్రెస్ అంటే భుజాల దగ్గరి బార్‌ను తలపైకి చేర్చడం. ఇత్తడి గుండిగను అటక మీదికి ఎక్కించే పని అనుకోండి. బార్ ముఖానికి దగ్గరగా వెళ్లి, చివర తలకు సరిగ్గా పైన నిలవాలి. ఇక బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్‌ను పైకి నెట్టే బెంచ్ ప్రెస్ గురించి ఒక్క హెచ్చరిక చేసి వదిలేస్తాను. పక్కన సపోర్ట్ ఇచ్చే మనిషి లేకుండా, ఒంటరిగా ఎప్పుడూ చేయకండి. బొటనవేలు బార్ చుట్టూ బిగించి పట్టండి. బార్ జారితే కింద ఉండేది గొంతు.

శ్వాస సంగతి. ఎత్తేముందు గాలి పీల్చి బిగపడితే పొట్టలో ఒత్తిడి పెరిగి వెన్నుకు లోపలి నుంచి ఆసరా దొరుకుతుంది. మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరుతో వైద్యులు దీన్ని పిలుస్తారు. ఆ కొద్ది క్షణాలు రక్తపోటు కూడా పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు, ఈమధ్యే కంటి ఆపరేషనో హెర్నియా ఆపరేషనో అయినవారు డాక్టర్ని అడగకుండా బార్ ముట్టుకోవద్దు. డాక్టరు సరే అన్నాక కూడా తేలిక బరువుతో, ఎత్తేటప్పుడు గాలి వదులుతూ మొదలుపెట్టాలి.

కోచ్‌ల గురించి చెప్పాల్సింది చాలా ఉంది. ఈ వృత్తిలో మొదటి ఐదేళ్లు నేను మంచి కోచ్‌ని కాను. శిష్యుడు ఒక్కసారి ఎత్తగానే ఆరు తప్పులు ఏకరువు పెట్టేవాణ్ని. మడమ లేచింది, మోచెయ్యి వంగింది, తల పైకెత్తావు, బార్ ముందుకు పోయింది, ఇలా. అన్నీ నిజమే. అవి విని ఆ కుర్రాడు రెండోసారి మరింత బిగుసుకుపోయేవాడు. మనిషి మెదడు బరువు కింద ఉన్నప్పుడు ఒక్క మాటకు మించి పట్టుకోలేదు. ఆ సంగతి తెలిశాక, ఆరింటిలో అన్నిటికీ మూలమైన ఒక్క తప్పును వెతకడం నేర్చుకున్నాను. చాలాసార్లు అది పాదంలో ఉంటుంది. మడమ నేలకు అతుక్కుంటే పైనున్న మూడు తప్పులు వాటంతటవే పోతాయి. ఇప్పుడు ఎత్తే ముందు ఒక్క మాటే చెబుతాను: "మడమ!" లేదంటే "దగ్గరగా!" ఎత్తుతున్నప్పుడు మాట్లాడను.

కోచ్ ఎదురుగా నిలబడితే బార్ నడిచే గీత కనబడదు. పక్కగా, కొంచెం ముందుకు నిలబడాలి. చేతిలో ఫోను ఉండకూడదు. మీ జిమ్‌లో ట్రెయినర్ ఎక్కడ నిలబడుతున్నాడో, ఎటు చూస్తున్నాడో గమనించండి. అతని కండల కన్నా అతని కళ్లు మీకు ఎక్కువ అవసరం. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని అరిచేవాణ్ని చాలామంది మంచి ట్రెయినర్ అనుకుంటారు. వెన్ను వంగుతున్నా "ఇంకొక్కటి" అనేవాడి దగ్గర ఉండవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎత్తే తీరు, అంటే ఫామ్, చెడిన క్షణంలో "చాలు, దించు" అనగలిగినవాడు నిజమైన కోచ్.

మంచి కోచ్ ఒక చిన్న ఊళ్లో ఉంటే ఏం జరుగుతుందో మన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లేశ్వరి పన్నెండేళ్ల వయసులో ఆమదాలవలసలో కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులు ముట్టుకుంది. 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిన మొదటి ఏడాదే, 69 కిలోల విభాగంలో ఒకే ఊపులో తలపైకెత్తే స్నాచ్‌లో 110, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆ రోజు చివరి ప్రయత్నంలో ఆమె 130 నుంచి ఒకేసారి 137.5కు వెళ్లింది, ఎత్తలేకపోయింది. బంగారు పతకానికీ ఆమెకూ మధ్య తేడా మొత్తం బరువులో 2.5 కిలోలే. స్వర్ణం కోసం అలాంటి పెద్ద అడుగు వేసే హక్కు ఒలింపిక్ వేదిక మీద నిలబడ్డవారికి ఉంది. రోజువారీ జిమ్‌లో మనకు ఆ అవసరం ఏనాడూ రాదు. మల్లేశ్వరి కూడా ఆ వేదిక దాకా ఏళ్ల తరబడి చిన్నచిన్న మెట్లు ఎక్కే వెళ్లింది. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలతో బంగారం తెచ్చాడు. ఏ పిల్లవాడికైనా మొదటిరోజు దొరికేది ఖాళీ బారే, అంతకన్నా ముందు కర్ర.

పిల్లల విషయంలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, బరువులెత్తితే ఎత్తు పెరగడం ఆగిపోతుందటగా?" ఆగదు. నేర్పేవారి కనుసన్నల్లో, సరైన పద్ధతిలో చేస్తే పిల్లల ఎదుగుదలకు ఏ హానీ లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా స్పష్టంగా చెప్పింది. చెప్పిన మాట విని అలాగే చేయగల వయసు, అంటే ఏడెనిమిదేళ్లు వస్తే మొదలుపెట్టవచ్చు. పిల్లలకు దెబ్బలు తగిలేది ఎవరూ చూడనప్పుడు, ఎవరు ఎక్కువ ఎత్తుతారో అని పందెం వేసుకున్నప్పుడు. పదహారు, పద్దెనిమిదేళ్ల అబ్బాయిలతో మాత్రం నాకు వేరే పోరాటం. వాళ్లకు ఛాతీ, చేతులు కావాలి, కాళ్లు అక్కర్లేదు. మూడు నెలల్లో సినిమా హీరోలా అయిపోవాలి. ఆ తొందరలో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లకు, పేరు తెలియని డబ్బాలకు చెయ్యి చాస్తారు. తమ్ముళ్లూ, స్టెరాయిడ్ జోలికి వెళ్లకండి. గుండె, కాలేయం దెబ్బతిన్నాక ఆ కండలు ఎవరికి చూపిస్తారు? గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, రాత్రి ఎనిమిది గంటల నిద్ర మీ వయసుకు చాలు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతి. అయిదారేళ్ల కిందట ఒక రిటైరైన టీచరమ్మ గారు మా దగ్గరికి వచ్చారు. అరవై నాలుగేళ్లు. కూతురు బలవంతపెట్టి తీసుకొచ్చింది. "బాబూ, నాకు ఈ వయసులో కండలు అక్కర్లేదు. సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సి వస్తోంది. అది పోతే చాలు" అన్నారు. ఇంతకన్నా స్పష్టంగా లక్ష్యం చెప్పిన శిష్యుణ్ని నేను చూడలేదు. మొదటిరోజు కుర్చీ మీద రెండు దిండ్లు వేసి, దాని మీద కూర్చుని లేవమన్నాను. వారం తర్వాత ఒక దిండు తీసేశాం. నెలకు రెండో దిండు పోయింది. తర్వాత పొట్టి స్టూలు. అప్పుడు భుజాల మీద చీపురు కర్ర పెట్టాం, ఆ తర్వాత 5 కిలోల బార్. ఆవిడ అప్పట్లో నవ్వుతూ అనేవారు, "అమ్మో, నాకు బరువులు అలవాటవుతున్నాయే" అని. అరకిలో ప్లేట్లు దొరక్కపోతే కిరాణా కొట్లో పావుకిలో చొప్పున ఇసుక తూయించి, చిన్న గుడ్డ సంచుల్లో కుట్టించి బార్ రెండు కొసలకూ కట్టాం. ఏడాదిన్నరకు ఆవిడ డెడ్‌లిఫ్ట్ 40 కిలోలు దాటింది. నిండు గ్యాస్ బండ సుమారు 30 కిలోలుంటుంది. ఆ ఏడు కార్తీక మాసంలో వ్రతం చేసుకుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పీట మీంచి లేచారు. ప్రసాదం మా అందరికీ తెచ్చి ఇచ్చారు.

ఇది ఒక్కరి అదృష్టం కాదు. 1990లో వెలువడిన ఒక పరిశోధనలో, బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమంది చేత వైద్యులు ఎనిమిది వారాలు కాళ్లకు గట్టి బరువులెత్తించారు. బార్ కాదు, మెషీన్ మీద. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగారు. తొంభై ఏళ్లకు కూడా కండ మాట వింటుందని దాంతో తేలిపోయింది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వారు ఎముకలు పలచబడిన, ముట్లుడిగిన 101 మంది స్త్రీలతో మరో పరిశోధన చేశారు. ఒక జట్టు వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట చొప్పున ఎనిమిది నెలలు డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ప్రెస్ చేసింది. వాళ్ల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసిన జట్టుకు 1.2 శాతం తగ్గింది. బార్ జట్టు వాళ్లు ఎత్తినవి బొమ్మ బరువులు కాదు, ఒక్కొక్కరి శక్తిలో ఎనభై శాతం దాటినవి. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, మొదటి నెల తేలిక బరువులతో పద్ధతి నేర్పడానికే కేటాయించడం. రెండోది, ప్రతిసారీ పక్కన నేర్పేవారు ఉండడం. ఆ రెండూ తీసేసి, ఆ ఫలితం మాత్రం కావాలంటే రాదు.

మన ఇళ్లలో ఆడవాళ్లు "నాకు డాబా మీద నడక చాలు" అంటారు. నడక గుండెకు మంచిది, మానకండి. ఎముకకూ కండకూ మాత్రం నడక చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం చేయమంటోంది. రెండు రోజులంటే మొత్తం గంటన్నర. టీవీ సీరియల్‌కు ఇచ్చే సమయంలో అది ఎంత?

నేను ఇచ్చే ప్రణాళిక చిన్నది. రోజు విడిచి రోజు, కుదరకపోతే వారానికి రెండు రోజులు. స్క్వాట్, ప్రెస్, డెడ్‌లిఫ్ట్. ఐదుసార్లు ఎత్తి రెండు మూడు నిమిషాలు విశ్రాంతి, అలా మూడు సెట్లు. ఫామ్ చెడకుండా అన్నీ పూర్తయితే, వచ్చేసారి కుర్రాళ్లకు రెండున్నర కిలోలు, ఆడవాళ్లకు కిలో, పెద్దవాళ్లకు అరకిలో పెంచుతాను. పూర్తికాకపోతే అదే బరువు మళ్లీ. ప్రతి ఒక్కరికీ ఒక నోట్‌బుక్, అందులో తేదీ, బరువు, ఎన్నిసార్లు. పక్కవాడి పుస్తకం చూడడం మా దగ్గర నిషేధం. కండ పట్టేస్తే రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది, దానికి భయపడనక్కర్లేదు. కీలులో గుచ్చినట్టు నొప్పి, కాలిలోకి దిగే నొప్పి, ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే బార్ దించి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

జిమ్‌లు నడిపే సోదరులకు నా విన్నపం ఒకటుంది. అద్దాల మీద, లైట్ల మీద పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక 5 కిలోల బార్, ఒక 10 కిలోల బార్, నాలుగు జతల చిన్న ప్లేట్లు కొనండి. అవి లేకపోవడం వల్లే మీ గుమ్మం దాకా వచ్చిన అమ్మలు వెనక్కి వెళ్లిపోతున్నారు.

శ్రోతలారా, రేపు మీరు జిమ్‌కు వెళ్తే మొదటిరోజు ఖాళీ బార్‌తో నేర్పమని అడగండి. నేర్పనంటే ఇంకో జిమ్ చూసుకోండి. వెళ్లేటప్పుడు మీ అమ్మగారినీ నాన్నగారినీ కూడా వెంట తీసుకెళ్లండి.